బావగారిని మాస్కు అడిగిన రోజు

ప్రశ్న:

నమస్తే అమ్మా. మాది తోటపల్లి గూడూరు మండలంలో ఒక పల్లె. మా ఆయన, నేను చిల్లర అంగడి నడుపుతాం. 2021 మే నెలలో, కరోనా కర్ఫ్యూ వల్ల పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకానే అంగళ్లు తెరిచే రోజుల్లో, మా బావగారు (మా ఆయనకు సొంత అన్న) మాస్కు లేకుండా వచ్చారు. అంతకు రెండు రోజుల ముందే కృష్ణపట్నం వెళ్లి ఆనందయ్య నాటు మందు తెచ్చుకుని వేసుకున్నారు. అత్తమ్మ అప్పుడు మా దగ్గరే ఉండేది. అంగడి వెనక గదిలోనే ఆమె మంచం. షుగరు, బీపీ. అంగట్లో అందరికీ ఒకే రూలు కాబట్టి "బావగారూ, మాస్కు ఉంటేనే సరుకు" అన్నాను. "ఏందమ్మాయ్, నేను మందు తిన్నా, నాకేం కాదు. నా తమ్ముడి అంగట్లో నాకే రూల్సా?" అన్నారు. నాకూ కోపం వచ్చింది. "మీ వల్ల మా అత్తమ్మకు ఏమన్నా అయితే ప్రాణం తెచ్చిస్తారా?" అనేశాను. అప్పుడు అంగడి ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. ఆయన చేతిలో సంచి అక్కడే పడేసి వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా అత్తమ్మకు జ్వరం వచ్చింది. టెస్టు చేయిస్తే పాజిటివ్. దేవుడి దయ, ఇంట్లోనే ఉండి కోలుకుంది. ఆ బాధలో "నేను చెప్పానా" అని ఇద్దరు ముగ్గురితో అన్న మాట నిజమే. బావగారు చూడ్డానికి రాలేదు. అప్పటినుంచి మా గడప తొక్కలేదు. అత్తమ్మే పండక్కి వాళ్లింటికి పోయి వస్తుంది.

ఇప్పుడు వాళ్ల పెద్ద పాప పెళ్లి, మాఘంలో. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పారు గానీ నాకు ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు. అత్తమ్మకు ఏడాదిగా డయాలసిస్, నెల్లూరు తీసుకెళ్తున్నాం. జనంలోకి పోతే మాస్కు పెట్టమని డాక్టరు చెప్పారు. ఆమె పెళ్లిలో మాస్కుతో కూర్చుంటే నేనే కావాలని పాత గొడవ తవ్వినట్టు ఉంటుందని మా ఆయనకు టెన్షన్. పైగా మొన్న ఫ్యామిలీ గ్రూపులో బావగారి కొడుకు ఒక మెసేజ్ పెట్టాడు, మాస్కుల వల్ల ఏ ఉపయోగమూ లేదని పెద్ద పరిశోధనలో తేలిందని. 2020లో మా డ్వాక్రా గ్రూపులో నేనే వందల మాస్కులు కుట్టాను. కౌంటరు మీద బిస్కెట్ల డబ్బాలో పెట్టి అమ్మాను కూడా. అంటే ఊరికే ఒక మనిషిని దూరం చేసుకున్నానా? నేను చేసింది తప్పా? పెళ్లికి ఎలా పోవాలి?

(పేరు వద్దన్నారు)

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు పూర్తిగా మీ పక్షాన ఉన్నాను. రెండోసారి చదివినప్పుడూ మీ పక్షమే, కానీ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. దానికి కాసేపట్లో వస్తాను. ముందు మీరు అడిగినది.

మాస్కు పెట్టుకోమనడం తప్పు కాదు. 2021 మే అంటే ఎలాంటి నెలో మన జిల్లాలో బతికినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆక్సిజన్ బెడ్డు దొరికితే చాలని జనం ఆసుపత్రుల గేట్ల దగ్గర ఆటోల్లో కాచుకుని కూర్చున్న నెల అది. రాష్ట్రంలో మొదటి కరోనా కేసు బయటపడిందే మన నెల్లూరులో, 2020 మార్చిలో, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి. అప్పటినుంచి ఏడాది పాటు చూస్తూనే ఉన్నాం. బయట తిరిగేటప్పుడు మాస్కు పెట్టుకోవాలన్నది 2020 ఏప్రిల్ నుంచే కేంద్రం పెట్టిన నిబంధన. దాన్ని మీరు మీ అంగట్లో అమలు చేశారు. అదీ తెలిసినవాళ్లకు ఒకటి, తెలియనివాళ్లకు ఒకటి కాకుండా. వెనక గదిలో షుగరు ఉన్న పెద్దావిడ పడుకుని ఉండగా మీరు అడక్కపోయి ఉంటేనే నేను తప్పనేదాన్ని.

ఇక ఆ మెసేజ్ సంగతి. నేను ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. అందులో నాలుగేళ్లు టీబీ వార్డులోనే. కాబట్టి ఈ విషయం కొంచెం విడమర్చి చెప్పాలనిపిస్తోంది.

మనిషి మాట్లాడినా, దగ్గినా, పాట పాడినా నోట్లోంచి తుంపర్లు వస్తాయి. పెద్దవి అక్కడే కింద పడతాయి. కంటికి కనపడని సన్నవి మాత్రం, కిటికీలు మూసిన గదిలో అగరొత్తి పొగ నిలబడ్డట్టు, గాల్లోనే ఉండిపోతాయి. మాస్కు చేసేదల్లా వాటిని పుట్టినచోటే వీలైనంత పట్టుకోవడం, ఎదుటివాళ్ల ముక్కులోకి పోయేవాటిని కొంత ఆపడం. ఎంత ఆపుతుందన్నది ఏ మాస్కు, ఎలా పెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు కుట్టిన మాస్కుల గురించి కూడా నిజమే చెబుతాను, ఏమీ అనుకోకండి. గుడ్డ మాస్కు ఏమీ లేనిదానికంటే నయం, అంతకుమించి దాని మీద భరోసా పెట్టుకోలేం. ఆసుపత్రుల్లో వాడే సర్జికల్ మాస్కు దానికంటే మెరుగు, కానీ బుగ్గల పక్కన సందులుంటాయి. ఎన్-95 మొహానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి అన్నిటికంటే గట్టిది. తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాక్కోవడం చిన్నప్పుడు చూసే ఉంటారు. ఎన్-95 లోపలి పొరకు అలాంటి గుణమే ఉంటుంది. సబ్బు పెట్టి ఉతికితే ఆ గుణం పోతుంది. ఈ సంగతి తెలియక కరోనా రోజుల్లో ఎంతోమంది వాటిని ఉతికి దండెం మీద ఆరేశారు.

అలాగని మీ గుడ్డ మాస్కులు వృథా పోయాయని అనుకోకండి. మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం పూనుకున్నప్పుడు అసలు సర్జికల్ మాస్కులు బజార్లో కనపడేవే కావు. ఉన్నవి డాక్టర్లకూ నర్సులకే చాల్లేదు. ఆ సమయంలో మీలాంటి డ్వాక్రా ఆడవాళ్లు రాత్రిళ్లు మిషను తొక్కి, మడతలు పెట్టి, ఎలాస్టిక్ దొరక్కపోతే గుడ్డ పేలికలే తాళ్లుగా వేసి ఊరికి ఒక అలవాటు నేర్పారు. ఆ పనికి మిమ్మల్ని మీరు చిన్నబుచ్చుకోవద్దు.

పెద్ద పరిశోధన అని ఆ అబ్బాయి పెట్టింది బహుశా కాక్రేన్ అనే సంస్థ 2023 జనవరిలో వేసిన సమీక్ష అయి ఉంటుంది. వాళ్లు 78 పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. అందులో చాలావరకు కరోనా రాకముందు ఫ్లూ, జలుబుల మీద చేసినవి. కొన్నిట్లో మాస్కులు ఇచ్చారు గానీ తీసుకున్నవాళ్లలో చాలామంది సరిగా పెట్టుకోలేదు. గొడుగు ఇస్తే చంకలో పెట్టుకుని వానలో నడిచినవాళ్లను కూడా లెక్కలో కలిపి, గొడుగు పనిచేసిందా లేదా అని అడిగితే ఏం తేలుతుంది? దాన్ని పట్టుకుని మాస్కులు పనికిరావని తేలిపోయిందని ప్రచారం జరగడంతో, అలా అర్థం చేసుకోవడం సరికాదని, గట్టిగా ఇటో అటో చెప్పడానికి ఆ ఆధారాలు చాలవని ఆ ఏడాది మార్చిలో కాక్రేన్ ప్రధాన సంపాదకురాలే ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటన మాత్రం గ్రూపుల్లో తిరగలేదు.

దానితోపాటు ఇంకొకటి మీకు తెలియాలి. 2020 చివరి నుంచి 2021 వేసవి దాకా బంగ్లాదేశ్‌లో 600 పల్లెల్లో, దాదాపు మూడు లక్షల నలభై వేల మంది పెద్దల మీద ఒక పరిశోధన జరిగింది. మన పల్లెల్లాంటివే, సంతలు, టీ అంగళ్లు, చెరువులు. సగం పల్లెల్లో మాస్కులు పంచారు, సగం పల్లెల్ని ఎప్పట్లా వదిలేశారు. పంచిన చోట నూటికి 13 మంది సరిగా పెట్టుకునేది 42 మందికి పెరిగింది. నూటికి నూరు కాదు, గమనించండి, సగం మంది కూడా కాదు. అయినా లక్షణాలతో కరోనా వచ్చినవాళ్లు అక్కడ 9 శాతం దాకా తగ్గారు. సర్జికల్ మాస్కులు ఇచ్చిన పల్లెల్లో అరవై దాటినవాళ్లలోనైతే 35 శాతం తగ్గారు. అంటే మీ అత్తమ్మ వయసువాళ్లకు. గుడ్డ మాస్కులు ఇచ్చిన చోట మాత్రం అంత స్పష్టంగా తేడా తేలలేదు.

ఆ అంకెల కంటే నాకు నచ్చింది వాళ్లు ఎలా పెట్టించారన్నది. ఇంటింటికీ వెళ్లి ఊరికే ఇచ్చారు. ఎందుకో చెప్పారు. ఇమాములు, ఊరి పెద్దలు ముందు తాము పెట్టుకున్నారు. సంతలో, మసీదు దగ్గర మనుషుల్ని నిలబెట్టి, మాస్కు లేకుండా వచ్చినవాళ్లను తిట్టకుండా పక్కకు పిలిచి ఒకటి చేతిలో పెట్టారు. ఫోన్లకు మెసేజీలు కూడా పంపి చూశారు, ఊరికి బహుమతి ఇస్తామనీ చూశారు. వాటివల్ల అదనంగా ఏమీ ఒరగలేదు. మనిషి ఎదురుగా నిలబడి మర్యాదగా చేతిలో పెట్టిందే పనిచేసింది.

ఇది చదువుతుంటే మీ కౌంటరు మీది బిస్కెట్ల డబ్బా నా కళ్లముందు మెదిలింది. మీరు కుట్టిన మాస్కులు ఆ పూట బావగారికి జానెడు దూరంలో ఉన్నాయి. అందులోంచి ఒకటి తీసి, "బావగారూ, లోపల అత్తమ్మ ఉంది, ఇది పెట్టుకుని వెళ్లి ఒకసారి పలకరించండి" అని ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. ఆయన అప్పుడూ పెట్టుకోకపోయి ఉండొచ్చు. మీరు ఆ పూట వందమందితో వేగుతున్నారు, పన్నెండు కొడితే షట్టరు దించాలి. అందుకే మిమ్మల్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు.

మాస్కు గొడవల్ని బాగా దగ్గరగా చూస్తే చాలావాటిలో గొడవ మాస్కు గురించి ఉండదమ్మా. ఎవరు ఎవరికి చెప్పారన్నదే ఉంటుంది. 1910 చివర్లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది. నాలుగైదు నెలల్లో 60 వేల మంది దాకా పోయారు. పెనాంగ్‌లో పుట్టిన వూ లియెన్ తె అనే 31 ఏళ్ల డాక్టరు అక్కడికి వెళ్లి, ఇది గాలిలోంచి మనిషి నుంచి మనిషికి అంటుకుంటోందని కనిపెట్టి, కట్లు కట్టే పల్చటి గుడ్డ మడతల మధ్య దూది పెట్టించి మాస్కులు కుట్టించాడు. మెనీ అనే ఫ్రెంచి డాక్టరు వయసులోనూ హోదాలోనూ ఆయనకంటే పెద్దవాడు. చిన్నవాడు తనకు చెప్పడమేమిటని ఆగ్రహించాడు, మాస్కు లేకుండానే రోగుల్ని చూశాడు. కొద్ది రోజుల్లో అదే ప్లేగుతో చనిపోయాడు. అంత చదువుకున్న మనిషి.

మన దగ్గరా అంతే. 2020 జూన్ చివర్లో నెల్లూరులోనే ఒక ప్రభుత్వ సంస్థ ఆఫీసులో మాస్కు పెట్టుకోమన్నందుకు పై అధికారి ఒక దివ్యాంగురాలైన కాంట్రాక్టు ఉద్యోగినిని జుట్టు పట్టి లాగి కొట్టాడు. ఆ కెమెరా వీడియో దేశమంతా చూసింది. అతన్ని అరెస్టు చేశారు. కింద పనిచేసే ఆడమనిషి పైవాడికి చెప్పడమే అతనికి మింగుడుపడలేదు. ఆ తర్వాతి నెలలోనే అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న చీరాలలో దానికి తలకిందులుగా జరిగింది. మాస్కు లేదని పోలీసులు ఆపిన ఒక కుర్రాడు తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. పోలీసులే కొట్టారని ఇంటివాళ్లు, జీపులోంచి దూకాడని పోలీసులు. ఏది ఎలా జరిగినా, నలుగురి ప్రాణం కాపాడటానికి పెట్టిన రూలు ఒక పిల్లవాడి చావుతో ముగిసింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మీ ఇంట్లో జరిగింది అంత దూరం పోలేదు గానీ మూలం అదే. మరదలు బావగారికి చెప్పింది, పది మందిలో చెప్పింది. అదే మాట మీ ఆయన చెప్పి ఉంటే ఆయన గొణుక్కుని తువ్వాలు మూతికి చుట్టుకునేవారేమో. ఇది న్యాయమని నేను అనడం లేదు. ఆడది చెప్తే ఒకటి, మగాడు చెప్తే ఒకటి కావడం నాకు ఇప్పటికీ ఒళ్లు మండే విషయమే. కానీ ఆయన కోపం మాస్కు మీద కాదని తెలిస్తే మీరు ఆయనతో ఏం మాట్లాడాలో తేలికవుతుంది.

ఆయన అనుమానానికీ కొంత కారణం ఉంది. 2020 మొదట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మాస్కు అక్కర్లేదన్నారు. ఏప్రిల్‌లో ఇంట్లో కుట్టినదైనా సరే పెట్టుకోమని కేంద్రం చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ దాకా ఆగి మాట మార్చింది. తెలిసేకొద్దీ మార్చుకోవడం తప్పు కాదు, కానీ వినేవాడికి వీళ్లకే తెలియదనిపిస్తుంది. ఆ సందులోకి కృష్ణపట్నం మందు వచ్చింది. పైసా తీసుకోకుండా ఇచ్చాడు ఆనందయ్య. తేనె, జాజికాయ, మామిడి ఇగురు, తోక మిరియాలు, అన్నీ మనకు తెలిసిన పేర్లే. బెడ్లు దొరకని రోజుల్లో ముత్తుకూరు రోడ్డంతా అంబులెన్సులూ కార్లూ బారులు తీరాయంటే వాళ్లను వెర్రివాళ్లనలేను. దిక్కు కోసం వెతికారు. ఆ మందు మీద పరీక్షలు జరిపాక మే 31న కంటి చుక్కలు తప్ప కొన్ని రకాలు ఇచ్చుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. అయితే దానితో కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదని, డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దని కూడా చెప్పింది. మందు వేసుకున్నవాడికి ఏమీ కాదన్న ధీమాయే ఆ గుంపుల్లో అన్నిటికంటే ప్రమాదమైంది. మీ బావగారు ఆ ధీమాతో వచ్చారు, మీరు భయంతో ఉన్నారు.

ఇప్పుడు నేను ఆగిపోయిన వాక్యం. "మీ వల్ల మా అత్తమ్మకు ఏమన్నా అయితే ప్రాణం తెచ్చిస్తారా?"

మా అత్తమ్మ అన్నారు. ఆమె ఆయన తల్లి అమ్మా. తన తల్లి ప్రాణం తీసేవాడివి నువ్వేనని, తల్లి వెనక గదిలో వింటుండగా, ఊళ్లోవాళ్లు ఏడెనిమిది మంది ముందు అన్నట్టయింది ఆయనకు. ఆమె మీ మనిషి, ఆయన పరాయివాడు అన్నట్టు కూడా అయింది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. ఆమెను ఇన్నేళ్లు చూసుకున్న ప్రేమలోంచే మీకు ఆ మాట వచ్చింది. అయినా సంచి అక్కడే పడేసి పోయారంటే మాస్కు అడిగినందుకు కాదు, ఈ మాటకే.

వారం లోపల ఆమెకు నిజంగానే జ్వరం వచ్చింది. మీరు "నేను చెప్పానా" అన్నారు. పల్లెలో ఇద్దరితో అన్న మాట సాయంత్రానికి ఎవరి చెవిన పడాలో వాళ్ల చెవిన పడుతుంది. ఆయన చూడ్డానికి రాలేదని మీకు కోపం. నాకు మాత్రం, రావడానికి మొహం చెల్లలేదేమో అనిపిస్తోంది. ఇన్నేళ్లుగా ఆయన మోస్తున్నది పౌరుషమే కాకపోవచ్చు. మా అమ్మకు నావల్లే వచ్చిందేమోనన్న దిగులు కూడా కావచ్చు. ఆ దిగులు ఉన్నవాళ్లే మాస్కులు ఉత్తవేనని చెప్పే మెసేజ్ కనిపిస్తే గట్టిగా పట్టుకుంటారు. మాస్కు వల్ల ఉపయోగమే లేకపోతే తను చేసిన తప్పు కూడా ఉండదు కదా. కొడుకు ఆ మెసేజ్ గ్రూపులో పెట్టింది మిమ్మల్ని పొడవడానికని మీరు అనుకున్నారు. నాన్నకు కాస్త ఊరటగా ఉంటుందని పెట్టాడేమో ఎవరికి తెలుసు?

నిజానికి ఆమెకు ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కరోనా లోపలికి పోయాక బయటపడటానికి రెండు రోజుల నుంచి పద్నాలుగు రోజులు పట్టొచ్చు, ఎక్కువమందికి ఐదారు రోజులు. ఆ పద్నాలుగు రోజుల్లో మీ అంగడికి ఎంతమంది వచ్చారో లెక్క వేసుకోండి. మీ ఆయన సరుకు కోసం ఎక్కడెక్కడ తిరిగారో చూడండి. మీరే తెచ్చి ఉండొచ్చు, ఒంట్లో ఉండి కూడా ఏ లక్షణమూ లేనివాళ్లు కోకొల్లలు. బావగారు కౌంటరు అవతల రెండు నిమిషాలు నిలబడి వెళ్లిన మనిషి. ఈ మాట మీ నోటి నుంచి ఆయన వినాలి. ఇంకెవరు చెప్పినా ఆయన నమ్మరు.

నా సంగతి ఒకటి చెప్తాను. 2021లో రెండో డోసు టీకా కోసం క్యూలో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దాయన మాటిమాటికీ మాస్కు గడ్డం కిందికి లాగుతున్నాడు. వార్డులో పేషెంట్ల అటెండర్ల మీద అరిచే అలవాటు కదా, "పెద్దవాళ్లయ్యుండి సిగ్గు లేదా, మీలాంటి వాళ్ల వల్లే" అని అందరూ వినేట్టు అరిచాను. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. జేబులోంచి నీలం రంగు ఇన్‌హేలరు తీసి నాకు చూపించి, గోడ వైపు తిరిగి పీల్చుకుని, మాస్కు పైకి లాక్కున్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఉబ్బసం ఉన్న మనిషి ఎండలో నిలబడి ఆయాసపడుతుంటే ముప్పై ఏళ్ల నర్సును, గుర్తుపట్టలేకపోయాను. క్షమించమని అడుగుదామని నేను నోరు తెరిచేలోపు లోపలికి పిలిచారు. బయటికి వచ్చాక వెతికాను, కనపడలేదు. మీకు ఆ అదృష్టం ఉంది. మీ మనిషి ఎక్కడున్నాడో మీకు తెలుసు.

అందుకని బొట్టు పెట్టి పిలుస్తారని చూస్తూ కూర్చోకండి. పెళ్లిలో కలిసి మాట్లాడదామనీ అనుకోకండి. ఆ హడావుడిలో ఆయన తలూపి పక్కకు వెళ్లిపోతారు, అది ఇంకో గాయం. మీరే ముందు వెళ్లండి. పెళ్లికూతురికి పిన్ని మీరు. పెళ్లికి ముందు దగ్గరివాళ్లు అమ్మాయిని ఇంటికి పిలిచి అన్నం పెట్టి చీర పెట్టే ఆనవాయితీ మన దగ్గర ఉండనే ఉంది. "పాపను ఒక పూట మా ఇంటికి పంపండక్కా" అని తోడికోడలిని అడగడానికి వెళ్లండి. ఆ మాటకు కాదనే తల్లి ఉండదు. మీ ఆయనను వెంట తీసుకెళ్లండి గానీ ఆయన చేత చెప్పించొద్దు. మాట మీ నోటి నుంచి పడింది.

బావగారితో ఎక్కువ మాట్లాడొద్దు. ఆ రోజు అత్తమ్మ గురించి నలుగురిలో నేను అలా అనకుండా ఉండాల్సింది బావగారూ, తప్పు నాదే. ఆమెకు మీవల్ల వచ్చిందని నేను అనుకోవడం లేదు, అంగడికి అంతమంది వచ్చేవాళ్లు, నావల్లే వచ్చిందేమో కూడా. అంతే. మాస్కు అడిగినందుకు మాత్రం క్షమాపణ చెప్పొద్దు, అది తప్పు కాదు కాబట్టి. అలాగని "కానీ మీరు కూడా" అని మొదలుపెట్టొద్దు. పరిశోధనలు, అంకెలు, నేను పైన రాసినవేవీ అక్కడ ఎత్తొద్దు. అవి మీ మనసు కుదుటపడటానికి రాశాను, ఆయనతో వాదన గెలవడానికి కాదు. గ్రూపులో ఆ మెసేజ్‌కు జవాబు కూడా పెట్టకండి. ఆయన వెంటనే కరిగిపోతారని నేను చెప్పలేను. ఊ అని లేచి పశువుల దగ్గరికి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతే పోనివ్వండి, మీరు అక్కతో కూర్చుని కాఫీ తాగి రండి.

ఇక అత్తమ్మ మాస్కు. ఇందులో మొహమాటం వద్దు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు రోగనిరోధక శక్తి తగ్గిపోయి ఉంటుంది. కరోనా ఒక్కటే కాదు, మామూలు ఫ్లూ కూడా వాళ్లను ఆసుపత్రి పాలు చేస్తుంది. డాక్టరు చెప్పింది చేయాల్సిందే. కాకపోతే పెళ్లిలో హఠాత్తుగా కనపడకుండా ముందే అందరికీ తెలిసేట్టు చేయండి. మీరు వెళ్లిన రోజే అక్కతో "అత్తమ్మకు డాక్టరు మాస్కు చెప్పారు, ఎక్కడ కూర్చోబెడదాం" అని సలహా అడగండి. సలహా అడిగితే అది వాళ్ల ఏర్పాటు అవుతుంది. పాత గొడవతో దానికి సంబంధం ఉండదు. తమ తల్లిని పెళ్లిలో ఎక్కడ కూర్చోబెట్టాలో పెద్దకొడుకు నిర్ణయించడం ఆయనకూ గౌరవం.

ఎన్-95 మంచిది, కొత్తది, ఇంకొకటి చేతిలో ఉంచుకోండి. పెళ్లికి ముందే ఇంట్లో ఒక గంట పెట్టి చూడండి, ఊపిరి ఇబ్బందిగా ఉందంటే సర్జికల్ మాస్కే పెట్టండి, పెట్టుకోని ఎన్-95 కంటే పెట్టుకున్న సర్జికల్ నయం. తలవెనక్కి వేసే తాళ్లున్న రకం బాగా అతుక్కుంటుంది, జుట్టు ముడి కింద నుంచి ఒకటి, పైనుంచి ఒకటి రావాలి. కల్యాణ మండపమైతే తలుపు దగ్గర, షామియానా అయితే అంచున, గాలి ఆడే చోట కుర్చీ వేయించండి. అక్షింతలు వేసే తోపులాటలోకి తీసుకెళ్లొద్దు, దంపతులే ఆమె దగ్గరికి వచ్చి దండం పెట్టుకుంటారు. ఫొటోకు ఒక్క నిమిషం తీస్తే ఏమీ కాదు. భోజనం మొదటి బంతిలోనో, విడిగా గదిలోనో పెట్టించండి. నర్సు బుద్ధి పోదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను: ఊరగాయలు, అప్పడాలు పక్కన పెట్టించండి, మర్యాద కోసం ఎవరైనా కొబ్బరిబోండం చేతిలో పెడితే తాగనివ్వొద్దు, అందులో పొటాషియం ఎక్కువ. నీళ్లు ఆమె కొలత ప్రకారమే. ముహూర్తం డయాలసిస్ రోజున పడుతుందేమో ఇప్పుడే చూసుకుని సెంటర్లో అడిగి ముందు రోజుకు మార్పించుకోండి. ఫ్లూ టీకా వేయించారా లేదా అన్నది కూడా ఆ డాక్టరునే అడగండి.

ఆ పూటంతా జేజి పక్కన ఉండే పని, మెసేజ్ పెట్టిన అబ్బాయికే అప్పగించండి. మీరే అడగండి, పిన్నిగా. తినేటప్పుడు మాస్కు తీసి పెట్టడానికి చిన్న కాగితం కవరు ఒకటి కావాలి, ప్లాస్టిక్‌ది వద్దు, లోపల చెమ్మ పడుతుంది. ఆ కవరు వాడి చొక్కా జేబులో ఉండనివ్వండి.